తడిగుడ్డ వీడియో

కారేపల్లి నుంచి ఇల్లెందు పోయే దారిలో మహబూబ్ అలీ మోటారు వైండింగ్ దుకాణం తెలియని రైతు ఆ చుట్టుపక్కల లేడు. ముప్పై నాలుగేళ్ల కింద పెట్టిన దుకాణం. చేతులు వణకడం మొదలయ్యాక ఆయన పని మానేశాడు, కానీ రావడం మానలేదు. రోజూ పొద్దున్నే వచ్చి గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుంటాడు. కాలిన మోటారు తెచ్చిన రైతును పేరు పెట్టి పలకరిస్తాడు. ఏ పంట వేశావు, బావిలో నీళ్లెంత ఉన్నాయి అని మెల్లగా మాటల్లో పెట్టి అసలు సంగతి రాబడతాడు. అది విని, లోపల ఉన్న కొడుకు ఆసిఫ్‌కు కేకేసి చెబుతాడు.

ఆసిఫ్‌కు ముప్పై ఎనిమిదేళ్లు. మంచి పనిమంతుడు. మోటారు మూత తీసి వాసన చూస్తే చాలు, లోపలికి నీళ్లు పోయి కాలిందా, ఒక ఫేజు పోయి కాలిందా చెప్పేస్తాడు. రైతులు అదే తప్పు మళ్లీ మళ్లీ చేసి మోటార్లు కాల్చుకొస్తుంటే చూడలేక, రెండేళ్ల కింద ఒకరోజు ఫోన్‌ను స్టాండుకు బిగించి వీడియో తీశాడు. మూడు ఫేజులూ వస్తున్నాయో లేదో మోటారు పెట్టేముందు ఎలా చూసుకోవాలో చెప్పే నాలుగు నిమిషాల వీడియో. మూడు వందల నలభై మంది చూశారు. వాళ్లలో ఒకతను బోనకల్ నుంచి ఫోన్ చేసి, "అన్నా, నీ వీడియో చూసినంక స్టార్టర్ బంద్ చేసిన. మోటరు బతికింది" అన్నాడు. ఆ మాట ఆసిఫ్ తన భార్య దిల్షాద్‌కు ఆ రోజు మూడుసార్లు చెప్పాడు.

ఆ మూడు వందల నలభై తక్కువగా కనపడడం ఎప్పుడు మొదలైందో అతనికే తెలియదు. వారానికి రెండు వీడియోలు పెట్టేవాడు. పెట్టాక గంటకోసారి తీసి చూసేవాడు. ఎంతమంది చూశారు, ఎంతమంది మెచ్చుకున్నారు, ఎన్నో సెకనుకు లేచిపోయారు, అన్నీ గీత గీసి చూపిస్తుంది ఫోను. ఆ గీత నలభై సెకన్ల దగ్గరికి వచ్చేసరికి కొండచరియ విరిగినట్టు కిందికి పడిపోయేది. తను అసలు విషయం చెప్పేది రెండో నిమిషంలో. అప్పటికి ఎవరూ ఉండేవారు కాదు.

గుంటూరు వైపు ఒక మెకానిక్ ఉన్నాడు. పని పెద్దగా రాదు. మోటారును సుత్తితో కొడుతూ, పక్కవాణ్ని తిడుతూ, సినిమా పాటలు కలిపి వీడియోలు పెడతాడు. అతన్ని నాలుగు లక్షల మంది అనుసరిస్తున్నారు. ఆసిఫ్ వెనక ఉన్నది పదకొండు వందల మంది. రాగి తీగ చుడుతూ కూడా ఆ రెండు సంఖ్యలే పక్కపక్కన పెట్టి చూసుకునేవాడు.

"నిన్న ఇద్దరి మోటార్లు బాగుచేసి పంపినవ్. వాళ్లు సంబురంగ పోయిన్రు. ఇంకేం కావాలె నీకు?" అని దిల్షాద్ ఒకసారి అడిగింది.

"అది రోజూ ఉన్నదే గదా" అన్నాడు ఆసిఫ్.

జనవరి మొదటి వారంలో రెడ్యా మోటారు తీసుకొచ్చాడు. రెడ్యాది అడవి అంచున గుట్టకింద తండా. ఆ తండా దాటితే టేకు, తునికి చెట్లు తప్ప ఇంకేమీ ఉండవు. అరవై దాటిన మనిషి. మహబూబ్ అలీ దుకాణం పెట్టిన ఏడాది నుంచీ ఆయన దగ్గరికే వస్తున్నాడు. ఆసిఫ్‌ను నిక్కర్ల వయసులో చూసినవాడు. భార్య మోతీతో కలిసి రెండెకరాల్లో మక్కజొన్న వేశాడు. బావి మీద అయిదు హెచ్‌పీ మోటారు.

గోనెసంచిలో చుట్టిన మోటారును ఆసిఫ్ దింపించి బల్ల మీద పెట్టాడు. ఫోను ఎప్పటిలాగే స్టాండు మీద ఉంది.

"వీడియో దీస్తున్నవా బిడ్డా?" అన్నాడు రెడ్యా.

"అవ్ కాకా. నువ్వు చెప్తే నలుగురు రైతులకు పనికొస్తది."

రెడ్యా తలగుడ్డ విప్పి, దులిపి, మళ్లీ శుభ్రంగా చుట్టుకున్నాడు.

"ఇప్పుడు చెప్పు. ఎట్ల కాలింది?"

"ఏం జెప్పమంటవ్! మోటరు మీద చెయ్యి పెట్టనిస్తలేదు, గంత కాగింది. పిల్లకు జొరమొస్తే ఏం జేస్తం? తడిగుడ్డ ఏస్తం గదా. మోతీ చీర ఉంటే తడిపి కప్పినం. అయినా కాగుతనే ఉన్నది. మోతీ ఇంట్లకెళ్లి చేట దెచ్చి ఇసురుతాంది. నేను పక్కన గూసోని ఇసురు మోతీ, ఇసురు అంటున్న. గప్పుడు టప్పుమన్నది!"

చెప్పి తనే పకపకా నవ్వాడు. ఆసిఫ్ నవ్వాడు. గుమ్మం దగ్గర మహబూబ్ అలీ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. టీ పట్టుకొచ్చిన దిల్షాద్ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వులో తప్పేమీ లేదు. సొంత మనుషుల మధ్య నవ్వు అది.

"మరి బంద్ చెయ్యరాదా కాకా, అంత కాగేదాంక ఎందుకు?" అన్నాడు ఆసిఫ్.

రెడ్యా నవ్వు ఆగిపోయింది. "ఎట్ల బంద్ జేస్తా? లైను చివర పొలం నాది. ముంగటోళ్లందరు మోటర్లు పెట్టినంక నా కాడికి కరెంటు పానం లేకుంట వస్తది. నీకు తెల్వదా, తక్కువ కరెంటుకు తట్టుకునేటట్టు నువ్వే గదా చుడ్తవ్. ఈసారి ఇంకింత తక్కువొస్తాంది. పోయినేడు మోటరు కాలుతదని భయపడి బంద్ జేసిన, సగం చేను ఎండింది. మోతీ ఆ చేన్ల కూసోని ఏడ్చింది. ఈసారి మోటరు పోతే పోనీ అనుకున్న. నీళ్లు పారినంతసేపు పారనీ అనుకున్న."

ఆసిఫ్ ఆ మోటారును రెండు రోజులు కూర్చొని చుట్టాడు. ఇంకా తక్కువ వోల్టేజీకి నిలబడేలా లెక్క మార్చి, మందపాటి తీగ వాడి, ఎప్పటికన్నా శ్రద్ధగా చేశాడు. రెడ్యా సంతోషంగా పట్టుకుపోయాడు.

మరుసటి రోజు మధ్యాహ్నం, భోజనం చేసి వచ్చి ఆసిఫ్ వీడియో ముందేసుకున్నాడు. మొత్తం ఆరు నిమిషాలు. తడిగుడ్డ, చేట, ఇసురు మోతీ, టప్పుమన్నది, అందరి నవ్వు. అక్కడికి నలభై ఏడు సెకన్లు. ఆ తర్వాత లైను చివరి పొలం, ఎండిన చేను, మోతీ ఏడుపు. గీత ఎక్కడ పడిపోతుందో అతనికి తెలుసు. నలభై ఏడు దగ్గర కోసేశాడు. టప్పుమన్నది అన్న చోట రెడ్యా ముఖాన్ని దగ్గరికి లాగి మూడుసార్లు మళ్లీ మళ్లీ వచ్చేలా పెట్టాడు. వెనక నవ్వుల చప్పుడు కలిపాడు. 'మోటారుకు జ్వరం – తడిగుడ్డ తాత' అని పేరు పెట్టి వదిలాడు.

మూడు రోజులకు రెండు లక్షల మంది చూశారు. వారానికి తొమ్మిది లక్షలు. నెల తిరిగేసరికి పంతొమ్మిది లక్షలు. ఆసిఫ్‌కు అన్నం సహించేది కాదు, ఆనందంతో. కింద వేల మంది రాస్తున్నారు. 'ఇలాంటోళ్ల వల్లే దేశం ఇట్లుంది' అని ఒకరు. 'అడవిలోంచి బయటకు రానిచ్చిందెవరు' అని ఇంకొకరు. ఆసిఫ్ అవి చదివాడు. చదివి, వేలితో కిందికి నెట్టి, మళ్లీ పైకి వచ్చి సంఖ్య చూసుకున్నాడు.

ఇక రెడ్యా గొంతు ఊరేగింది. 'ఇసురు మోతీ, ఇసురు' అన్న ముక్కను కోసి, ఎవరెవరో పెళ్లి డాన్సులకు, బండి మీద నుంచి జారిపడేవాళ్లకు, కూలర్ల ప్రకటనలకు అతికించుకున్నారు. ఖమ్మంలో ఒక కొత్త ఫోన్ల దుకాణానికి ఆసిఫ్‌ను అతిథిగా పిలిచారు. గేటు దగ్గర అతని నిలువెత్తు ఫ్లెక్సీ. శాలువా కప్పి మైకు చేతికిచ్చి, "అన్నా, ఒక్కసారి ఆ డైలాగు" అన్నారు. ఆసిఫ్ రెడ్యాలాగా నడుం వంచి, గొంతు మార్చి, చేత్తో విసురుతున్నట్టు చేసి చూపించాడు. ఈలలు మోగాయి. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అంతసేపూ తన ఈలలు తనే ఫోన్‌లో వింటూ కూర్చున్నాడు.

ఫిబ్రవరిలో ఒక అంగడి రోజున దిల్షాద్ కూరగాయలకు పోయి తొందరగా తిరిగొచ్చింది. సంచి బల్ల మీద పెట్టి నిలబడింది. మామ ముందు గొంతు ఎత్తే మనిషి కాదు ఆమె. ఆ రోజు ఎత్తింది.

"మోతీ దగ్గర చిక్కుడుకాయ తీస్కుంటున్న. బండి మీద ముగ్గురు పోరగాళ్లు వచ్చిన్రు. ఒకడు అట్టముక్క ఆమె చేతిల పెట్టి ఇసురు మోతీ అంటడు. ఇంకొకడు వీడియో దీస్తడు. అంగడంత నవ్వింది. ఆమె అమ్మ వయసుది గదా! గోనె మడిచి లేచిపోయింది. పోతా పోతా తూకం ఎయ్యకుంటనే ఇన్ని కాయలు నా సంచిల పోసింది. నా మొకం దిక్కు చూడలే."

"పోరగాళ్లు గట్ల చేస్తే నేనేం జెయ్యాలె?" అన్నాడు ఆసిఫ్. "నేను తిట్టిన్నా? ఆయన చెప్పిందే పెట్టిన."

"సగమే పెట్టినవ్."

ఆసిఫ్ తల తిప్పి తీగ చుట్ట అందుకున్నాడు.

"తీసెయ్" అంది దిల్షాద్.

"పంతొమ్మిది లక్షలు! ఇప్పుడు తీసేస్తే మొత్తం పోతది."

"ఏం పోతది?"

ఆసిఫ్‌కు కోపం వచ్చింది. "నీకు తెల్వది" అని బయటికి వెళ్లిపోయాడు. కొత్త వీడియోలకు మళ్లీ ఏడు వందలు, ఎనిమిది వందలే వస్తున్నాయి. ఆ ఒక్కటీ తీసేస్తే తను మళ్లీ ఎవరూ కాడు. ఆ భయం దిల్షాద్‌కు చెప్పలేడు. చెబితే నవ్వుతుందేమోనని కాదు, నవ్వదని.

నెలాఖరులో, రెడ్యా తండా నుంచి నడిచే పూల్‌సింగ్ ఆటో దుకాణం ముందు గుంతల దగ్గర నెమ్మదించింది. వెనక సీట్లో రెడ్యా, కాళ్ల దగ్గర గోనెలో చుట్టిన మోటారు. మహబూబ్ అలీ కుర్చీలోంచి లేచి, "రెడ్యా!" అని చెయ్యెత్తాడు. రెడ్యా ఆయన వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. ఆటో ఆగలేదు. ఇల్లెందు వైపు పోయింది.

మహబూబ్ అలీ చాలాసేపు రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత కొడుకు దగ్గరికి వచ్చాడు.

"మోటరు కాల్చుకొని వచ్చినోడు దొంగతనం జేసినోని లెక్క తల వంచుకొని వస్తడురా. ఇంట్ల పెండ్లాం తిట్టి ఉంటది, చేను ఎండుతా ఉంటది. అసోంటోడు నా ముంగట కూసోని, నేను గిట్ల పిచ్చిపని చేసిన సేటూ అని చెప్పేటోడు. ఎందుకు చెప్తడు? నేను ఇంకొకని చెవుల ఎయ్యనని చెప్తడు. ముప్పై నాలుగేండ్లు. ఒక్కని ముచ్చట ఈ గడప దాటలే."

"అబ్బాజాన్, నేను..."

"ఆ నాడు నేను గూడ నవ్విన" అన్నాడు ముసలాయన. "నా నవ్వు గూడ అండ్ల పెట్టినవంట గదా." పక్కనే ఉన్న తీగ చుట్టల మీద కూర్చున్నాడు.

మూడు వారాల తర్వాత పూల్‌సింగ్ టీ తాగడానికి ఆగినప్పుడు మిగతా సంగతి తెలిసింది. కరెంటు ఇంకా పడిపోయి ఆ మోటారు మళ్లీ కాలిందట. ఇల్లెందులో మెకానిక్, మోటారు ఎట్ల కాలిందని రెడ్యాను అడిగాడట. రెడ్యా ఆ బల్ల మీద ఉన్న ఫోన్ వైపు చూసి, తెల్వదన్నాడట. లైను చివరి పొలమని చెప్పలేదు, తక్కువ వోల్టేజీకి చుట్టే మోటారని చెప్పలేదు. మెకానిక్ అందరికీ చుట్టినట్టే మామూలుగా చుట్టి ఇచ్చాడు. పదో రోజుకు కాలిపోయింది. మక్క పీచు మీద ఉంది. గింజ పాలు పోసుకునే వేళకు నీళ్లు లేవు.

"రెండెకరాలు పోయింది" అన్నాడు పూల్‌సింగ్ గ్లాసు కడిగి పెడుతూ. "పశులను తోలిన్రు చేన్లకు."

మర్నాడు ఉదయం ఆసిఫ్ బండి తీశాడు. క్షమాపణ అడగాలనే బయలుదేరాడు. అందులో అబద్ధం లేదు. కానీ దుకాణం తలుపు వేసేటప్పుడు ఒక ఆలోచన వచ్చింది. రెడ్యాను కూర్చోబెట్టి మొత్తం కథ చెప్పించి, తను చేతులు జోడించి తప్పొప్పుకునే వీడియో పెడితే? అందరికీ నిజం తెలుస్తుంది, ఆయన పరువూ నిలుస్తుంది. అలాంటివి జనం బాగా చూస్తారు కూడా. ఈ చివరి మాట తన మనసులో వినపడ్డా విననట్టే, స్టాండు మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

తండా మొదట్లోనే రెడ్యా చేను. కర్రలు నిలబడి ఉన్నాయి, ఆకు తెల్లబడి గాలికి గలగలమంటోంది. రెండు ఎడ్లు మేస్తున్నాయి. రెడ్యా ఇంటి ముందు నులక మంచం మీద కూర్చొని తాడు పేనుతున్నాడు. ఆసిఫ్‌ను చూసి లేచి, మంచం మీది తువ్వాల తీసి చోటిచ్చాడు. ఆ మర్యాద ఆసిఫ్‌కు దెబ్బలా తగిలింది.

"కాకా, తప్పయింది. మాఫ్ చెయ్యి."

రెడ్యా తాడు పేనుతూనే ఉన్నాడు. "ఎంతమంది చూసిన్రు బిడ్డా?"

"పంతొమ్మిది లక్షలు."

"గంతమంది నాకు ఎరుక లేదు. వాళ్లు చూస్తేంది, చూడకుంటేంది. మా తండాల నూట ఇరవై గడప ఉన్నది. వాళ్లు చూడకుంటే సరిపోతుండె. నా కోడలు చూసింది. కోడలు తల్లిగారోళ్లు చూసిన్రు. నీళ్ల కాడ మోతీని చూసి ఆడోళ్లు నవ్వుకుంటరు. నలభై ఏండ్ల నుంచి నేను పిలిచిన పేరు. ఇప్పుడు పిలుద్దామంటే నోరు రాదు. ఏ ఇట్రా, అంటున్న."

ఆసిఫ్ తల వంచుకున్నాడు. సంచిలోని స్టాండు మోకాలికి గుచ్చుకుంటోంది.

"నేను సరిచేస్త కాకా. నువ్వు ఆ నాడు చెప్పిందంత ఒక్కసారి మళ్ల చెప్పు. లైను ముచ్చట, చేను ముచ్చట. నేను గూడ పక్కన కూసోని తప్పు ఒప్పుకుంట. అందరికి పెడదం..."

లోపలి నుంచి మోతీ వచ్చింది. చేతిలో నీళ్ల చెంబు ఉంది, అతనికోసమే తెస్తోంది. సంచిలోంచి బయటికి వచ్చిన స్టాండు కాలును చూసి నిలబడిపోయింది. కొంగు ముఖం మీదికి పూర్తిగా లాక్కుంది.

"నీళ్లు తాగి పో బాబూ" అంది. "మా ఇంట్ల నవ్వేటియి అయిపోయినయ్."

చెంబు కింద పెట్టి లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. రెడ్యా ఆ తలుపు వైపు చూశాడు. పిలవబోయినట్టు నోరు తెరిచి, మూసుకున్నాడు.

ఆసిఫ్ అక్కడే ఫోను తీశాడు. తండాలో సిగ్నల్ అంతంత మాత్రం. రెండు సిగ్నల్ గీతలు పడేదాకా చేత్తో పట్టుకొని వాకిట్లో నిలబడ్డాడు. నిజంగా తీసెయ్యాలా అని ఫోను అడిగింది. ఆ సమయంలో కూడా అతని కన్ను ముందుగా సంఖ్య మీదికే పోయింది. పంతొమ్మిది లక్షల ముప్పై వేలు అయింది. అది చూసినందుకు తన మీద తనకే రోత పుట్టి, గట్టిగా నొక్కాడు. వీడియో పోయింది.

"తీసేసిన కాకా."

"మంచిది" అన్నాడు రెడ్యా.

కానీ పోలేదు. కాపీ చేసుకున్నవాళ్లు ఎంతమందో. అందులో ఒక్కదాన్నే నలభై లక్షల మంది చూశారని నాలుగు రోజుల తర్వాత ఆసిఫ్ కంటపడింది. దాని మీద అతని పేరు కూడా లేదు. తీసెయ్యమని ఒక్కొక్కరికీ రాశాడు. కొందరు పలకలేదు. ఒకడు మాత్రం, 'మొదలుపెట్టింది నువ్వే కదా బ్రో' అని జవాబిచ్చి నవ్వే బొమ్మ పెట్టాడు. ఆసిఫ్ ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. తర్వాత యాప్ తీసేశాడు. రెండు రోజులకు మళ్లీ వేసుకున్నాడు.

కొత్త మోటారు తనే తెచ్చి బిగిస్తానని తండ్రితో రెడ్యాకు కబురు చేయించాడు. వద్దని జవాబు వచ్చింది. పొలం కౌలుకిచ్చి, రెడ్యా మోతీలు కొడుకు దగ్గరికి మణుగూరు పోయారని ఉగాది తర్వాత తెలిసింది.

ఏప్రిల్‌లో బొజ్జయ్య అనే రైతు మోటారు తెచ్చాడు. ఆయనా పాత మనిషే. స్టాండు, ఫోను ఎప్పుడో ఇంట్లో పడేశాడు ఆసిఫ్. బల్ల మీద పనిముట్లు తప్ప ఏమీ లేవు.

"ఎట్ల కాలింది బొజ్జన్నా?"

బొజ్జయ్య బల్ల వైపు చూశాడు, గోడ వైపు చూశాడు, ఆసిఫ్ చొక్కా జేబు వైపు చూశాడు.

"తెల్వది" అన్నాడు. "పొద్దుగాల పొయ్యి చూస్తే కాలి ఉన్నది."

మహబూబ్ అలీ కుర్చీ దగ్గరికి జరుపుకొని, ఏ పంట వేశావని మొదలుపెట్టాడు. బొజ్జయ్య పంట సంగతి చెప్పాడు, ఎండల సంగతి చెప్పాడు. మోటారు సంగతి చెప్పలేదు. ఆసిఫ్ మూత తీసి వాసన చూశాడు. తీగ చుట్టంతా ఒకేలా నల్లబడి ఉంది. ఇలా కాలడానికి నాలుగు కారణాలుంటాయి. అందులో ఏదన్నది మనిషి చెబితేనే తెలుస్తుంది. ఊహించి, తోచినట్టు చుట్టి ఇచ్చాడు.

పదకొండో రోజు అదే మోటారు మళ్లీ కాలి వచ్చింది. ఈసారి బొజ్జయ్య రాలేదు. పూల్‌సింగ్ ఆటోలో పంపించాడు.